దారి తనే చూసుకోవాలి

రిటైరై అమలాపురం వచ్చేసిన కొత్తలో మా ఎదురింటి కామేశ్వరిగారు మనవడి జాతకం పట్టుకుని వచ్చేరు.

"మీరు గ్రహాల మీద పని చేసేరట కదండీ. వీడికి పెళ్ళి ఎప్పుడవుతుందో కాస్త చూసి చెప్తారని" అన్నారు.

"గ్రహాలు కాదండీ, గ్రహశకలాలు. ఆకాశంలో తిరిగే పెద్ద పెద్ద రాళ్ళు. వాటి దగ్గరికెళ్ళే నౌక తన దారి తనే చూసుకునేలా చెయ్యడం నా పని" అన్నాను.

"ఆయ్. అయితే రాళ్ళ దోషమేమైనా ఉందేమో అది కూడా చూసెయ్యండి" అని జాతకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేరు.

ఆ కుర్రాడికి ఆ ఏడే పెళ్ళి కుదిరింది. నేను ఆ కాగితం విప్పి కూడా చూడలేదని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. పైగా వీధిలో నలుగురికీ చెప్పేరు. అప్పట్నించీ మా గుమ్మంలో చెప్పులు ఎక్కువయ్యేయి.

ఈమధ్య ఇక్కడి ఇంజనీరింగు కాలేజీ పిల్లలు కూడా వస్తున్నారు. వాళ్ళు జాతకాలు తేరు గానీ, ఈ ఉద్యోగం గురించి వాళ్ళకున్న ఊహలు కామేశ్వరిగారి ఊహలకి మరీ అంత దూరంలో ఏమీ లేవు. రాకెట్టు లేచినప్పుడు ఒళ్ళు జలదరిస్తుందా మేడమ్ అని అడుగుతారు. రాకెట్టు లేచినప్పుడు మా బృందంలో చాలామందిమి కునుకు తీసేవాళ్ళం. మా పని మొదలవడానికి ఇంకా ఏళ్ళు పట్టేది మరి. అందుకని అసలు ఉద్యోగం ఎలా ఉంటుందో, ఇందులోకి రాబోయే వాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రమోషన్లూ, శాలువాలూ వదిలేస్తాను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి.

ముందు పని సంగతి

గ్రహశకలం మనకి ఎంత దూరంలో ఉంటుందంటే, అక్కడి నించి నౌక పంపిన కబురు మనని చేరడానికి చాలా నిమిషాలు పడుతుంది. "ఎదురుగా రాయుంది, పక్కకి తప్పుకో" అని మనం చెప్పేం అనుకోండి, ఆ మాట వెళ్ళేసరికి అది రాయిని గుద్దేసి ఉంటుంది. కాబట్టి ఇక్కడి నించి నడపడం కుదరదు. అది తన కెమెరాతో ఫొటోలు తీసుకుని, ముందు తయారు చేసుకున్న పటంలో ఉన్న గుంటలతో, బండలతో పోల్చుకుని, నేను ఫలానా చోట ఉన్నాను అని తనే తేల్చుకోవాలి.

ఇంకో చిక్కుంది. చిన్న గ్రహశకలానికి లాగే బలం మహా తక్కువ. మీరు దాని మీద నిలబడి సరదాగా ఎగిరితే మళ్ళీ కిందకి రారు. అక్కడ ఎండ పడినా నౌక కొంచెం పక్కకి జరుగుతుంది. తోకచుక్క అయితే మరీ అన్యాయం, లోపల్నించి ఆవిర్లు ఊదుతుంది. ఇవన్నీ తట్టుకుని, ఎవర్నీ అడక్కుండా, నెమ్మదిగా వెళ్ళి వాలాలి. ఆ తెలివి సాఫ్ట్‌వేర్‌గా రాయడం నా ఉద్యోగం. మాది చిన్న ల్యాబు. పరాయి దేశం వాళ్ళు ఒక గ్రహశకలం మట్టి తెచ్చుకుందామని నౌక కడుతూ, దారి చూసుకునే భాగం మాకప్పగించేరు. నా సర్వీసులో సగం దానికే సరిపోయింది.

దీక్షితులుగారు

నా మొదటి అధికారి దీక్షితులుగారు. చాలా సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దంతో ఉండేవారు. ఆయన దగ్గర చేరిన రోజున, నేను ముందు సిద్ధం చేసుకున్న లెక్క చూపించి, "నౌక ఇక్కడుందండీ" అన్నాను.

"నీకెలా తెలుసమ్మా?" అన్నారు.

లెక్క మళ్ళీ చెప్పేను. ఆయన విని, "అది నువ్వెలా కట్టేవో చెప్పేవు. నిజంగా అక్కడే ఉందని నీకెలా తెలుసు?" అన్నారు. నేను లెక్క కాగితం మళ్ళీ మొదటినించీ తిప్పేను. ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయేరు.

ఆ ప్రశ్న ఆయన ఎవర్నైనా అడిగేవారు. క్యాంటీన్ రాజు సాంబారు వేడిగా ఉందండీ అంటే కూడా అడిగేవారు. రాజు తెలివైనవాడు, "నాకు తెలీదండీ, మీరే వేలు పెట్టి చూడండి" అనేవాడు. ల్యాబులో దీక్షితులుగారి దగ్గర పూర్తి మార్కులు వచ్చింది అతనికొక్కడికే.

నాతోపాటు చేరిన ఇమ్రాన్‌ది మాత్రం వేరే పద్ధతి. అతను కాకినాడ వాడు, ఏ పనికైనా పాట పాడుకుంటూ దిగిపోతాడు. ఇద్దరం కలిసి ఒక గ్రహశకలం బొమ్మ చేసేం. సిమెంటూ, రంపపు పొట్టూ కలిపి, మసి రంగు వేసి, గుంటలు కూడా పెట్టేం. చీకటి గదిలో ఒక దీపం పెట్టి, పట్టాల మీద కెమెరా జరుపుతూ మా సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించేవాళ్ళం. ఎప్పుడు పెట్టినా పాసయ్యేది. గర్వంగా దీక్షితులుగారిని పిలిచేం.

ఆయన భూతద్దం తీసి బొమ్మ చుట్టూ తిరిగి చూసి, "ప్రశ్నలూ మీవే, జవాబులూ మీవే. పిల్లాడు ఫస్టు రాక ఏం చేస్తాడు? మీరు చెయ్యని రాయి దగ్గరికి తీసుకెళ్ళండి దీన్ని" అన్నారు.

మాకు కావలసింది, ఒకే రంగులో ఉన్న గుండ్రటి లావు వస్తువులు ఇష్టమొచ్చినట్టు పడున్న పెద్ద గుట్ట. మా నౌక వెళ్ళే గ్రహశకలం గట్టి బండ కాదు, రాళ్ళన్నీ వదులుగా పోగుపడినది. అలాంటి గుట్ట, పైన అసలైన ఎండ. ఎక్కడ దొరుకుతుందా అని రెండు వారాలు వెతికేం. కంకర క్వారీ వాళ్ళు రానివ్వలేదు. ఆ సమయంలో మా అమ్మ ఫోన్ చేసి మాటల్లో మా చినమావయ్య సంగతి ఎత్తింది. మావయ్యది అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం.

అంబాజీపేట

డ్రోన్‌కి మా కెమెరా, మా సాఫ్ట్‌వేర్ తగిలించుకుని బయల్దేరేం. దీక్షితులుగారు కూడా వస్తానన్నారు. మేం దిగేసరికి మావయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని, షాపు ముందు కుర్చీలు వేయించి సిద్ధంగా ఉన్నాడు. వెనకాల గొడౌను ఆవరణలో కొబ్బరికాయల రాశి, డాబా ఎత్తున. పీచుతో ఉన్న ఎండు కాయలు, అన్నీ ఒకే రకం గోధుమ రంగు.

దీక్షితులుగారు భూతద్దం తీసి దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చేరు. తరవాత, "ఇదే" అన్నారు.

"ఆయ్, ఇవి ఈ విడత చెట్ల నించి దింపిన కాయలండి. మా మేనగోడలు చెప్పింది, మీరు చంద్రుడి మీద కొబ్బరి వేస్తారని" అన్నాడు మావయ్య.

"చంద్రుడు కాదు మావయ్యా. కొబ్బరి కూడా వెయ్యం" అన్నాను.

"సర్లే అమ్మాయ్, నువ్వు అన్నీ పైకి చెప్పకూడదేమో" అని కన్ను కొట్టేడు.

పొద్దున్న డ్రోన్‌ని రాశి చుట్టూ తిప్పి ఫొటోలు తీసి, పటం తయారు చేసుకున్నాం. పక్కకి ఒరిగిన కాయ, రెండు కాయల మధ్య గొయ్యి, తొడిమె పైకి ఉన్న కాయ, ఇలాంటివి గుర్తులు. ఒకచోట సున్నంతో చిన్న గుర్తు పెట్టేం. మధ్యాహ్నం డ్రోన్ ఎవరి సాయమూ లేకుండా ఆ పటం చూసుకుంటూ వచ్చి ఆ గుర్తు పైన జానెడు ఎత్తులో ఆగాలి. ఈలోగా భోజనాలకి రమ్మని మావయ్య పట్టుబట్టేడు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, పెరుగు గడ్డలా ఉంది. పనసపొట్టులో ఆవ ఎక్కువైందని అత్తయ్య అంటే, దీక్షితులుగారు మీకెలా తెలుసని అడగబోయి, నా మొహం చూసి మానేసేరు.

భోజనం అయ్యేక డ్రోన్ వదిలేం. అది చక్కగా లేచింది, చక్కగా తిరిగింది, చక్కగా దిగడం మొదలెట్టింది. ఇమ్రాన్ పాట అందుకున్నాడు. డ్రోన్ గుర్తున్న చోటుకి రాలేదు. రాశికి అవతలి వైపు వెళ్ళి, ఏ మాత్రం తొట్రుపాటు లేకుండా, నేరుగా కాయల్లోకి దూసుకుపోయింది. పైనున్న కాయలన్నీ దడదడా దొర్లుకుంటూ వచ్చేయి. ఇమ్రాన్ పాట ఆపి కుర్చీ ఎక్కేడు. కాయలు ఒలిచే పనివాళ్ళు చప్పట్లు కొట్టేరు, అదే కార్యక్రమం అనుకుని.

కంప్యూటర్‌లో చూస్తే డ్రోన్ ఆఖరి కబురు ఇలా ఉంది: నా స్థానం సరిగ్గా తెలుసు. అనుమానం లేదు.

"ఏమైందో తెలీదే. పొద్దున్న పటం అంత బాగా వచ్చింది" అన్నాను.

మావయ్య వినయంగా ముందుకొచ్చేడు. "పొద్దున్నకీ ఇప్పటికీ చాలా బాగుచేయించేనమ్మా. మీరు భోంచేస్తుంటే మనవాళ్ళ చేత రాశంతా సర్దించేను. కింద పడున్నవి పైకి వేయించి, ముందువైపు మంచి కాయలు పేర్పించేను. అంత దూరం వెళ్ళే ఫొటోలు కదా, అడ్డదిడ్డంగా ఉంటే అంబాజీపేటకేం మర్యాద?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా గ్రహశకలాన్ని భోజనం వేళలో సర్దేసేరు. ఇమ్రాన్ కుర్చీ మీద నించి దిగకుండానే, "పోనీ సార్, ఈ పరీక్ష లెక్కలోకి రాదు. గుట్టే మారిపోయింది" అన్నాడు.

దీక్షితులుగారు నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూసేను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వేరు. మావయ్య రెండు చేతులూ పట్టుకుని, "మీరు చాలా ఉపకారం చేసేరండీ" అన్నారు.

"ఆయ్, మన పిల్ల కోసం ఆమాత్రం చెయ్యనాండీ" అన్నాడు మావయ్య.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయన మాతో అన్నారు. "గుట్ట మారింది, నిజమే. మారిందని అది కనిపెట్టిందా? లేదు. వేరే కాయల్ని చూసి అవే అనుకుంది. అనుమానం కూడా లేదంది. అక్కడి రాళ్ళు మనం తీసిన పటం ప్రకారమే కూర్చుంటాయని రాసిచ్చేరా ఎవరైనా? ఎక్కడున్నానో తెలియడం లేదు అనే మాట దానికి మీరు నేర్పలేదు."

నేర్పడానికి ఏళ్ళు పట్టింది. ఎందుకంటే నేర్పిన వెంటనే అది ఇంకేమీ చెయ్యడం మానేసింది. కిటికీ తెర కదిలి దీపం వెలుగు మారినా, నాకు తెలియడం లేదు, వెనక్కి పోతాను అనేది. మా సిమెంటు బొమ్మ దగ్గరకి కూడా వెళ్ళలేదు. ఇమ్రాన్ దానికి కొత్తకోడలు అని పేరు పెట్టేడు. పటంతో ఎంత తేడా వస్తే భయపడాలి, ఎంత తేడాని సర్దుకుపోవాలి, ఈ గీత ఎక్కడ గియ్యాలో తేల్చుకోవడమే నా ఉద్యోగమంతా. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తెలివైన ప్రోగ్రాం రాయడం మీకు కాలేజీలోనే వచ్చేస్తుంది. అది ఎప్పుడు ఆగాలో రాయడానికే జీతం ఇస్తారు.

చక్రపాణిగారి పరిశీలనా విన్యాసం

నౌక గ్రహశకలం చేరేసరికి దీక్షితులుగారు రిటైరయ్యేరు. ఆ కుర్చీలోకి చక్రపాణిగారు వచ్చేరు. ఈయన లెక్కల మనిషి కాదు, సభల మనిషి. మైకు కనిపిస్తే చెయ్యి దానంతట అదే వెళ్ళేది. ఆయన్ని వెక్కిరించడం తేలిక, నేను కూడా చాలాసార్లు చేసేను. కానీ ఆయన పెద్దల చుట్టూ తిరిగి ఒప్పించకపోతే ల్యాబు మధ్యలోనే మూతపడేది. మీకు ఇష్టం లేని అధికారి మీ పనిని బతికిస్తూ ఉండొచ్చు. అది గమనించుకుని వెక్కిరించండి.

నౌక దిగే రోజున ఆయన హాలు అలంకరించి, అతిథుల్ని పిలిచి, తాపేశ్వరం కాజాలు తెప్పించేరు. నౌక కిందకి దిగుతోందని తెర మీద కబుర్లు వస్తున్నాయి. ఆయన మైకులో ఒక్కొక్కటీ చెబుతున్నారు. ఇంక కొంచెం ఎత్తే ఉందనగా ఈ కబురొచ్చింది: చూస్తున్నదీ పటమూ కలవడం లేదు. వెనక్కి పోతున్నాను.

చక్రపాణిగారు మైకు చేత్తో మూసి, "దీన్ని వెనక్కి పొమ్మని ఎవరు చెప్పేరండీ?" అని నన్నడిగేరు.

"నేనేనండీ. తెలియనప్పుడు పొమ్మని చెప్పేను" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, మైకు మీద చెయ్యి తీసి, "సోదర సోదరీమణులారా, ఇప్పుడు మీరు చూసినది పరిశీలనా విన్యాసం" అన్నారు. అతిథులు చప్పట్లు కొట్టి కాజాలు తిన్నారు.

మర్నాడు ఫొటోలు వచ్చేయి. నేనూ ఇమ్రానూ కూర్చుని చూసేం. పటంలో లేని పెద్ద నల్లటి బండ ఒకటుంది. నౌక దిగుతున్నకొద్దీ పెద్దదవుతోంది. దాన్ని చూసే మా నౌక హడలిపోయింది. ఇమ్రాన్ చాలాసేపు తల అటూ ఇటూ వంచి చూసి, "సత్యవతిగారూ, ఈ బండకి రెక్కలున్నాయండీ" అన్నాడు.

అది మా నౌక నీడ. అటూ ఇటూ సోలార్ పలకలతో సహా పడింది. వెనకాల సూర్యుడు, కింద నేల, మధ్యలో మా కొత్తకోడలు. తన నీడ చూసుకుని జడుసుకుని పారిపోయింది.

ఆ సాయంత్రం దీక్షితులుగారికి ఫోన్ చేసేను. ఆయన డాబా మీద వంగమొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. సంగతంతా విని, "నీడేనని నీకెలా తెలుసు?" అన్నారు.

"రెక్కలున్నాయండీ."

"రెక్కలున్నట్టు కనిపించే రాయి ఉండకూడదా?"

ఒళ్ళు మండింది కానీ, కూర్చుని లెక్క కట్టేం. ప్రతి ఫొటోకీ సూర్యుడు ఎటున్నాడు, నౌక ఎటుంది, నీడ ఎక్కడ పడాలి అని చూసేం. నల్లటిది అన్ని ఫొటోల్లోనూ సరిగ్గా అక్కడే ఉంది. కింద రాళ్ళు ఆ నలుపులోకి వెళ్ళి, మళ్ళీ అవతలి వైపు నించి బయటికొస్తున్నాయి. అప్పుడు గానీ నీడ అని ఒప్పుకోలేదు ఆయన.

అసలు గొడవ ఆ తరవాత వచ్చింది. ఇంధనం ఇంకొక్క ప్రయత్నానికే సరిపోతుంది. నౌక సొంతదారులైన విదేశీయులు వీడియోలో మీటింగు పెట్టి, ఈసారి ఆ వెనక్కి పోయే భాగం ఆపెయ్యమన్నారు. నీడకి భయపడే యంత్రాన్ని నమ్మి కూర్చుంటే మట్టి రాదన్నారు. వాళ్ళ కోపం అన్యాయం కాదు. ఏళ్ళ తరబడి పడ్డ కష్టం వాళ్ళది.

నేను చెప్పవలసింది చెప్పేను. "దాని జాగ్రత్త తప్పు కాదండీ. నీడంటే ఏమిటో దానికి మనం చెప్పలేదు. నీతోపాటు కదులుతూ, సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న నల్లటిది నువ్వే అని చెబుతాం. జాగ్రత్త తీసేస్తే మాత్రం అది కళ్ళు మూసుకుని దిగినట్టే."

"మళ్ళీ వెనక్కి వస్తే?" అన్నారు వాళ్ళు.

"రావచ్చు" అన్నాను. రాదని చెప్పగలిగితే బాగుండును. కానీ నాకు తెలియదు.

అందరూ చక్రపాణిగారి వైపు చూసేరు. ఆయన వాళ్ళ మాటే ఒప్పుకుంటారని నేను నిశ్చయంగా అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, "ఆ భాగం ఉంచుతామండీ" అన్నారు. మీటింగు అయ్యేక వరండాలో ఆపి, ఎందుకలా అన్నారని అడిగేను.

"వందమంది ముందు పరిశీలనా విన్యాసం అన్నానండీ. ఇప్పుడు తీసేస్తే, ఆవేళ అది పరిశీలించలేదని నేనే ఒప్పుకున్నట్టవుతుంది" అన్నారు. కొంచెం దూరం వెళ్ళి వెనక్కి తిరిగి, "దిగుతుందాండీ?" అని చిన్నగా అడిగేరు.

దిగిన పూట

నీడ సంగతి రాసి పంపించేం. కొన్ని వారాల తరవాత, ఒక మధ్యాహ్నం, నౌక మళ్ళీ దిగడం మొదలెట్టింది. ఈసారి అతిథులు లేరు. మైకు మాత్రం ఉంది, ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

నీడ కనిపించింది. నీడే అని కబురొచ్చింది. ఇమ్రాన్ గట్టిగా ఊపిరి వదిలేడు. ఇంకా కిందకి వచ్చింది. ఇంకా. అప్పుడు తెర మీద, ఎవ్వరం అనుకోని మాట: అనుకున్న చోట వాలలేను. పక్కకి జరుగుతున్నాను.

చక్రపాణిగారు లేచి నిలబడి, "ఎటు? ఎటు జరుగుతోంది? జాగ్రత్త, జాగ్రత్త" అన్నారు తెరకేసి, మైకులో.

ఇమ్రాన్ ఆయన మోచెయ్యి పట్టుకుని మెల్లిగా కూర్చోబెట్టేడు. "సార్, అక్కడ ఎప్పుడో అయిపోయిందండీ. మనకి కబురే ఇప్పుడొస్తోంది."

ఆయనకి ఆ విషయం తెలియక కాదు. మా అందరికీ తెలుసు, ఏళ్ళుగా లెక్కల్లో వేసుకుంటున్నాం. కానీ ఆవేళ ఆ మాట వినేసరికి హాల్లో అందరి భుజాలూ కిందకి దిగేయి. దిగడమో, పగిలిపోవడమో జరిగిపోయింది. మేం ఇక్కడ గోళ్ళు కొరుక్కోవడం వల్ల అక్కడ మారేది ఏమీ లేదు.

పటం తీసినన్నాళ్ళూ ఆ చోటు మీద పక్క బండ నీడ పడుతూ ఉండేదట. ఆ నీడలో నిలువుగా ఒక రాయి నక్కి ఉంది. మాకెవరికీ కనబడలేదు. నౌకకి దిగేటప్పుడు దాని అంచు కనిపించింది. పటంలో లేదు కాబట్టి, నాకు తెలియదు అనుకుని, ఖాళీ ఉన్న చోటికి జరిగింది. ఇదంతా మాకు ఫొటోలు వచ్చేక మర్నాడు తెలిసింది. ఆ మధ్యాహ్నం ఆ తరవాత మాకు వచ్చింది మూడు మాటలే, ఒకదాని తరవాత ఒకటి. వాలేను. మట్టి తీసుకున్నాను. లేస్తున్నాను.

హాల్లో అరుపులు, కౌగిలింతలు. చక్రపాణిగారు మైకు కుర్చీలో వదిలేసి వెళ్ళి ఇమ్రాన్‌ని కౌగిలించుకున్నారు. నేను అలవాటు కొద్దీ కంప్యూటర్ ముందుకి జరిగేను, తరవాత చెయ్యాల్సిన పని ఏమిటా అని. ఏమీ లేదు. వచ్చే దారి కూడా అదే చూసుకుంటుంది.

టీ తాగుదామని క్యాంటీన్‌కి వెళ్ళేను. అక్కడ ఎవరూ లేరు. రాజు దగ్గర్నించి గిన్నెలు కడిగే ఆవిడ దాకా అందరూ హాల్లోనే వెనకాల నిలబడి తెర చూస్తున్నారు. నేనే స్టవ్ వెలిగించి, పాలు పెట్టి, పొంగేదాకా గట్టు మీద చేతులాన్చుకుని నిలబడ్డాను. ఆ ఉద్యోగంలో చేరేక నాకు చేతినిండా ఖాళీ ఉన్న మధ్యాహ్నం అదొక్కటే.